టికెట్ కొన్నాం కదా

అత్తయ్య పడుకున్నారు, చిన్నది కూడా నిద్రపోయింది, నాకు మాత్రం సాయంత్రం విన్న ఒక్క మాట చెవిలోంచి పోవడం లేదు. ఇవాళ మైదానంలో పెట్టిన ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. అక్కడ గాజు సొరంగంలో నా ముందు నడుస్తున్న ఒకాయన తన కొడుకును భుజానికెత్తుకుని, వేలి ఉంగరంతో గాజును టకటకా కొడుతూ, చేపలను కదలమని అదిలిస్తున్నాడు. “కొట్టకండన్నా, అవి బెదిరిపోతాయి” అన్నాను. ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు. చాలా మామూలుగా, “టికెట్ కొన్నాం కదా మేడమ్” అని మళ్లీ కొట్టాడు.

ఆ సొరంగం ముందు నోరు తెరిచిన సొరచేప బొమ్మ నిలువెత్తున వేసి, సముద్రపు సొరచేపలను దగ్గరగా చూడమని రాశారు. లోపల ఉన్నవి పంగాసియస్ చేపలు. మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి, ఐసు వేసి లారీలకెక్కించే చేప అది. దాని పుట్టిల్లు మెకాంగ్ నది, జాతి జెల్లలది, బతుకంతా మంచినీళ్లలోనే. వీపు మీద రెక్క నిటారుగా ఉంటుంది గనుక అక్వేరియం దుకాణాల వాళ్లు దాన్ని షార్క్ అని అమ్ముతారు, ఎగ్జిబిషన్ వాళ్లు ఆ పేరునే బోర్డుకెక్కించారు. పిల్లలకు చేపను చూపించడానికి డబ్బు తీసుకుంటున్నప్పుడు, అది ఏ చేపో నిజం చెప్పడం కనీస ధర్మమని నేను గట్టిగా నమ్ముతాను. చిన్నది ఇంటికి వచ్చి నానమ్మకు “సొరచేపను చూశాను” అని చెబుతుంటే, కాదని సరిదిద్దాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

అంతకంటే ఎక్కువగా బాధించింది ఆ చేపల ముక్కులు. పంగాసియస్ గుంపుగా తిరిగే చేప, చూపు అంతంతమాత్రం, ఉలిక్కిపడిందంటే దిక్కు చూడకుండా దూసుకుపోయి గాజుకు కొట్టుకుంటుంది. ఒక చేప సరిగ్గా నా ముఖం ఎదురుగా వచ్చి ఆగింది. మూతి చివర బూడిదరంగు చర్మం చెక్కుకుపోయి, రూపాయి బిళ్లంత మేర తెల్లగా తేలి ఉంది, ఒక మీసం సగానికి తెగిపోయింది. ఉంగరం గాజుకు తగిలిన ప్రతిసారీ దాని ఒళ్లంతా ఒక్కసారి జలదరించడం స్పష్టంగా కనిపించింది. పైన మైకులో ఒక అమ్మాయి గొంతు, రికార్డు చేసినది, ఆగకుండా రమ్మని పిలుస్తూనే ఉంది. కాపలా ఉన్న కుర్రవాడిని పిలిచి చెప్పాను. అతను నవ్వి, రద్దీ ఎక్కువగా ఉంది, ముందుకు నడవమన్నాడు.

బయటికి వచ్చాక చిన్నది కొలంబస్ అనే ఊగే పడవ ఎక్కుతానంది. ఎక్కించాను, నేనూ ఎక్కాను. ఆ పడవ అడుగున ఒక రబ్బరు టైరు తిరుగుతూ దాన్ని తోస్తుంది, ఆపేటప్పుడు అదే టైరు పడవ అడుగుకు రాసుకుని కాలిన రబ్బరు వాసన గుప్పున వస్తుంది. ఊపు అందుకుని కొసకు వెళ్లిన క్షణంలో, శేషాచలం కొండల మీది దీపాల వరుస మొత్తం కిందకు జారిపోయినట్టయింది, చిన్నది నా చెయ్యి పట్టుకుని కేకలు పెట్టింది. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం.

టికెట్ కొన్నాం కదా అనే మాట కొలంబస్ దగ్గర నిలబడి అంటే అది పూర్తిగా న్యాయమైన మాట. ఆ యంత్రం మనకోసమే తయారైంది. బోల్టులు బిగించి ఉన్నాయా, కడ్డీ సరిగ్గా పడిందా, చెప్పినంతసేపు తిప్పారా అని నిలదీసే హక్కు టికెట్ మనకు ఇస్తుంది. ఆ హక్కును గాజు తొట్టి దగ్గరికి కూడా అలాగే తీసుకెళ్లి, చేప కదలకపోతే డబ్బు దండగైందనుకోవడమే నాకు మింగుడుపడని విషయం. రెండూ ఒకే ప్రహరీ లోపల, పక్కపక్కనే ఉండటం వల్లనే మనుషులకు ఆ తేడా తెలియకుండా పోతోందని నా అనుమానం.

ఇంతగా ఆలోచించడానికి ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలోని టాంపా నుంచి తమ్ముడు రెండు రోజులుగా అడుగుతున్నాడు: “ఏమక్కా, పిల్లోళ్లను సీవరల్డ్‌కు పిలుచుకోని పొయ్యేదా వద్దా?” సెలవులకు ఆర్లాండో వెళ్లి, రైడ్లూ సముద్రజీవుల ప్రదర్శనలూ ఉన్న ఆ పార్కు చూడాలని పిల్లల పట్టుదల. వాడి భార్యకు ఇష్టం లేదు. ఈ పేచీలో నన్ను పెద్దమనిషిని చేశారు.

పెద్దవాడికి కావలసింది రోలర్ కోస్టర్లు. మాకో అని ఒకటుంది, 2016లో మొదలైంది, ఎత్తు 200 అడుగులు, వేగం గంటకు సుమారు 117 కిలోమీటర్లు. మాకో అంటే సముద్రంలో మహావేగంగా ఈదే సొరచేప. 2009 నాటి మాంటా ఇంకా విచిత్రమైనది. కూర్చున్నాక సీట్లు వెనక్కి లేచి, మనిషి బోర్లా, ముఖం నేలవైపు పెట్టి వేలాడతాడు, పట్టా తల మీద ఉంటుంది. నీటి అడుగున రెక్కలు చాచి తేలిపోయే టేకి చేప ఎలా సాగుతుందో మన ఒళ్లు అలా సాగుతుంది. ఇలాంటి బండిని మామూలుగా గొలుసు పైదాకా లాగి వదిలేస్తుంది, అక్కడి నుంచి ఇంజను అంటూ ఏదీ ఉండదు, ఎక్కిన ఎత్తే దాన్ని చివరిదాకా నడిపిస్తుంది. చక్రాలు పట్టా మీద కొన్ని, పక్కన కొన్ని, కింద కొన్ని ఉంటాయి గనుక తలకిందులైనా బండి పట్టాను వదలదు. ఇదంతా మనిషి బుద్ధికి గర్వకారణమే. ఒక జలచరం పేరు పెట్టి, దాని కదలికను మన ఒంటికి అనుభవానికి తేవడం, ఆ జలచరాన్ని ఏమాత్రం బాధించని పని. నేను తప్పకుండా ఎక్కమంటాను.

చిన్నవాడికి మాత్రం ఓర్కాలు కావాలి, అంటే డాల్ఫిన్ల జాతికి చెందిన నలుపుతెలుపుల భారీ సముద్రజీవులు. అక్కడే నాకు చిత్తూరు గుర్తొచ్చింది.

చిత్తూరులో మా చిన్నప్పుడు సర్కస్ దిగితే ఊరంతా ఆ డేరా చుట్టే తిరిగేది. తాత నన్నూ తమ్ముడినీ ముందు వరుస బెంచీకి కూర్చోబెట్టారు. ఏనుగులు, పులులు వచ్చి వెళ్లాయి, వాటిలో ఒక్కటి కూడా నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఆ తరువాత నీటి ఏనుగును నడిపించుకుంటూ తెచ్చారు. రంపపు పొట్టు చల్లిన వలయంలో అది మెల్లగా నడిచింది, దాని కాళ్లకూ పొట్టకూ పొట్టు అంటుకుంది. చేతిలో పొట్టి కర్ర ఉన్న మనిషి మూతి మీద తట్టగానే నోరు తెరిచింది. అంత పెద్ద నోటిని నేను ఊహించను కూడా లేదు. ఆ మనిషి ఒక క్యాబేజీని అందులోకి విసిరాడు, చప్పట్లు మోగాయి. మళ్లీ తట్టాడు, మళ్లీ తెరిచింది, ఈసారి అతను విసిరినట్టు నటించి చేతిలోనే ఉంచుకున్నాడు. జనం పగలబడి నవ్వారు. నోరు మాత్రం అలా తెరిచే ఉంది. ఎంతసేపు ఎదురుచూసిందో నాకు తెలియదు గానీ, నా లెక్కలో చాలాసేపే. మా బెంచీ ముందునుంచి పోయేటప్పుడు దాని మెడ వెనుక, చెవుల వెనుక ఎర్రటి జిగురు బొట్లు బొట్లుగా ఊరుతూ కనిపించింది. రక్తం అనుకుని తమ్ముడు ఏడ్చాడు. కొట్టారేమోనని తాత కూడా అనుమానించి, ఆట అయ్యాక డేరా వెనక్కి వెళ్లి కనుక్కున్నారు. అది దాని చెమటలాంటిదనీ, రోజూ వచ్చేదేననీ వాళ్లు చెప్పారట. ఆ మాట నిజమేనని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. నీటి ఏనుగు చర్మం గాలికి తొందరగా ఎండిపోతుంది, పగలంతా నీళ్లలో ఉండటానికి కారణం అదే, ఆ ఎర్రటి ద్రవం ఎండనుంచీ సూక్ష్మక్రిములనుంచీ చర్మాన్ని కాపాడుతుంది. అంటే తాత విన్నది అబద్ధం కాదు. కానీ నీళ్లు లేనిచోట, పొట్టులో, వేడి దీపాల కింద అది ఊరుతోందన్న సంగతి ఆ జవాబులో లేదు. సర్కసుల్లో పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఆడకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది, సుప్రీంకోర్టు 2001లో దాన్ని సమర్థించింది. ఆ జాబితా చదివినప్పుడు నేను వెతుక్కున్న పేరు అందులో లేదు.

స్థానబలిమి పోయాక ఎంతటి జంతువైనా అంతేనని అత్తయ్య అంటుంటారు. ఓర్కా విషయంలో అది అక్షరాలా నిజం. తిలికుం అనే మగ ఓర్కాను 1983లో ఐస్‌లాండ్ తీరంలో పట్టినప్పుడు దానికి రెండేళ్ల వయసు. కెనడాలో చిన్న పార్కులో కొంతకాలం ఉంచి, 1992లో ఆర్లాండోకు తెచ్చారు. పెరిగి పెరిగి అయిదు టన్నులు దాటింది, వీపు మీద నిటారుగా నిలవాల్సిన రెక్క పక్కకు వాలిపోయింది. మూడు మరణాలకు కారణమైంది, వాటిలో చివరిది 2010లో, దాన్ని ఎంతో కాలంగా చూసుకున్న శిక్షకురాలిది. అది 2017 జనవరిలో ఆ కొలనులోనే చనిపోయింది. ఓర్కాలను ఇక పుట్టించబోమని, ఇప్పుడున్నవే చివరి తరమని ఆ సంస్థ 2016 మార్చిలో ప్రకటించింది. మనకు ఆ చరిత్ర మరీ దూరం కూడా కాదు. చెన్నై దగ్గర తీరం వెంబడి ఒక పార్కుకు 1990ల చివర్లో బల్గేరియా నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. ఆ తరువాత 2013 మేలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని కేంద్రం రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పింది. ఈ విషయంలో మన దేశం తీసుకున్న నిర్ణయం నాకు ఎంతో సంతోషాన్నిస్తుంది.

కాబట్టి తమ్ముడికి అసలు వెళ్లవద్దనే రాద్దామని ఫోను తీశాను. సగం రాసి ఆగిపోయాను.

ఆపింది మోబీ డాల్ అనే ఓర్కా కథ. 1964లో కెనడాలోని వాంకూవర్ అక్వేరియం వాళ్లకు నమూనా శిల్పం కోసం ఒక ఓర్కా శవం కావలసివచ్చింది. ఈటెతో కొట్టారు, అది చావలేదు. రేవుకు లాక్కొచ్చి దొడ్డిలాంటి దాన్లో ఉంచారు. ఆ రోజుల్లో ఓర్కా అంటే చంపదగిన క్రూరజంతువు అనే అందరి నమ్మకం, జాలరులు కనిపిస్తే కాల్చేవారు. ఈ గాయపడినది మనుషుల చేతినుంచి నెమ్మదిగా చేపలు తీసుకుని తినడం చూశాక ఆ అభిప్రాయం కదిలింది. అది కొన్ని నెలలే బతికింది, కానీ దాన్ని చూసినవాళ్లు మునుపటిలా ఉండలేకపోయారు. చూడటం వల్ల కలిగిన జాలిని నేనెలా కాదనగలను? ఈరోజు నేను చేప మూతి మీది తెల్లమచ్చను గమనించానంటే, ఆనాడు తాత నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టడం వల్లనే. చిన్నది కూడా సొరంగంలో ఉంగరం ఆయన వెళ్లిపోయాక, ఆ మీసం తెగిన చేప ఎటు తిరిగితే అటు తలతిప్పుతూ, కాళ్లు నొప్పి పుట్టేదాకా నిలబడింది. ఆ కాసేపూ అది ఏ చేపైనా దానికి ఒకటే.

ఇదంతా మా వారికి చెబితే, “జాలి కలగడానికి ఒక దాన్ని బంధించాలా? రైడ్ ఎక్కినా, ఓర్కాను చూసినా డబ్బు వెళ్లేది ఒక్క గల్లాపెట్టెలోకే కదా” అన్నారు. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. మొదటిదానికి ఉంది: ఇకమీదట అక్కర్లేదు. మోబీ డాల్ నాటికి ఎవరికీ ఏమీ తెలియదు, ఇప్పుడు తెలియని వాళ్లు లేరు. కానీ ఉన్న ఓర్కాలను ఎవరూ చూడకపోయినంత మాత్రాన వాటికి సముద్రం దొరకదు. దెబ్బతిన్న మనాటీలకు చికిత్స చేసి మళ్లీ నీళ్లలోకి వదిలే పని కూడా అదే పార్కులో, అదే టికెట్ డబ్బుతో జరుగుతోంది. మనాటీ అంటే గడ్డి తినే పెద్ద సముద్రపు ఆవు, ఫ్లోరిడాలో పడవల ఇంజను రెక్కలు తగిలి ఎన్నో గాయపడతాయి.

చివరికి ఇలా పంపాను: “మాకో, మాంటా ఎక్కండి. మనాటీలను తప్పక చూపించు, వాటి వీపు మీది గాట్లు ఎందుకు పడ్డాయో చెప్పు. ఓర్కా దగ్గరికి ప్రదర్శన వేళకు తీసుకెళ్లకు. ఆట లేనప్పుడు వెళ్లి, అది ఊరికే ఏం చేస్తోందో చూడమను. గాజు మీద చెయ్యి వెయ్యనివ్వకు.”

వాడి జవాబు వెంటనే వచ్చింది: “ఆట లేకపోతే చిన్నోడు అయిదు నిమిషాలు కూడా నిలబడడక్కా.”

నిలబడకపోతే రైడ్ల దగ్గరికి పంపించెయ్ అని రాశాను.