విజయనగరంలో మంద్రస్థాయి పాఠం

పాట నేర్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. గొంతును పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. వర్ణాలు వస్తాయి, కీర్తనలు వస్తాయి, పోటీల్లో బహుమతులూ వస్తాయి. ఇరవై ఏళ్లు నిండకముందే గొంతు బొంగురుపోతుంది. హైదరాబాదులో పిల్లలకు సంగీతం చెప్పే నేను దీన్ని దగ్గరగా చూస్తున్నాను, బాధపడుతున్నాను. విజయనగరంలో ఒక విశ్రాంత గాత్ర అధ్యాపకుడు తెల్లవారుజామున ఇంట్లోనే గొంతు సాధన చేయిస్తారని తెలిసి, డిసెంబరు సెలవుల్లో బయలుదేరాను.

విశాఖపట్నంలో రైలు దిగి బస్సెక్కాను. ఆనందపురం, తగరపువలస, గోస్తని వంతెన. ఊళ్లోకి వచ్చాక ఇక వాహనంతో పని లేదు. గంటస్తంభం, మూడు లాంతర్లు, పైడితల్లి అమ్మవారి గుడి, కోట అన్నీ నడిచి చూడగలిగే దూరంలోనే ఉన్నాయి. నాకు మాత్రం ముందు చూడవలసింది సంగీత కళాశాలే. 1919లో విజయరామ గజపతి దీన్ని స్థాపించారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు అంధుడని, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే పాఠశాలగా మారిందని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు ఆయన తర్వాత ఆ బాధ్యత తీసుకున్నారు. పి. సుశీల చదివింది ఇక్కడే. ఘంటసాల జోలె పట్టి మధూకరం చేసుకుంటూ నేర్చుకున్నదీ ఈ వీధుల్లోనే. ఆయనకు గాత్రం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రిని సాలూరు చిన్న గురువుగారని పిలిచేవారు. హార్మోనియం తానే వాయించుకుంటూ పాడేవారాయన.

మర్నాడు ఐదు గంటలకు మాస్టారి ఇంటికి వెళ్లాను. కోట వెనకవైపు చిన్న సందులో పెంకుటిల్లు. నాకన్నా ముందే ఏడెనిమిది మంది పిల్లలు శాలువాలు కప్పుకుని చాప మీద కూర్చున్నారు. తంబుర మోగుతోంది, ఎవరూ నోరు తెరవడం లేదు. పది నిమిషాలు అలా వినడమే మొదటి పాఠం. షడ్జం, అంటే ఆధార స్వరమైన 'స', చెవిలో నిలబడకుండా గొంతులో నిలబడదని, అపస్వరం చాలాసార్లు గొంతు తప్పు కాదని, చెవి తొందరని ఆయన నమ్మకం.

తర్వాత ఆకారం, అంటే స్వరాల పేర్లు లేకుండా 'ఆ' అంటూ పాడడం. షడ్జం నుంచి కిందికి, మంద్రస్థాయిలో, అంటే కింది స్థాయిలో, నిషాదం, ధైవతం, పంచమం. సగం గొంతుతో, ఒక్కో స్వరం మీద ఊపిరి ఉన్నంతసేపు. సరళీ స్వరాలు ఆ తర్వాతే, అవీ మొదటి కాలంలోనే, అంటే నెమ్మది వేగంలోనే. ఎవరి మెడ మీదైనా నరం పైకి కనిపిస్తే ఆయన వేలు ఎత్తుతారు, ఆ పిల్ల ఆగిపోవాలి. సప్తస్వరాలు నాభిలో, హృదయంలో, కంఠంలో, నాలుకమీద, ముక్కులో శోభిల్లుతాయని త్యాగయ్య జగన్మోహిని రాగంలో పాడారు కదా. ఆ వరుసలో కంఠం మూడోది. మనం కంఠం దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నామని ఆ చాప మీద కూర్చున్నప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది.

టీవీ పోటీకి తయారవుతున్న ఒక అమ్మాయి అయిదున్నర శ్రుతిలో, అంటే 'స'ను బాగా ఎత్తులో పెట్టుకుని, పాడింది. తార పంచమం, అంటే పైస్థాయి 'ప', దగ్గర గొంతు చీరినట్టయింది. మాస్టారు శ్రుతిని అయిదుకు దించారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"పైస్థాయి కోసం పైకి ఎగబాకకూడదు తల్లీ. కింద బలం వస్తే పైన దానంతట అదే తెరుచుకుంటుంది. నీ శ్రుతి ఏదో నీ గొంతు చెప్పాలి గానీ పోటీ పెట్టినవాళ్లు చెప్పకూడదు" అన్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మూలన కూర్చున్న పదమూడేళ్ల కుర్రవాడు. గొంతు మారుతోంది. ఒక స్వరం సన్నగా, మరో స్వరం మోటుగా వస్తోంది, మధ్యలో అసలు పలకడం లేదు. ఈ వయసులోనే మగపిల్లలు ఎక్కువగా సంగీతం మానేస్తారు. పెద్దవాళ్లు కూడా "గొంతు పోయింది" అనేస్తారు. నిజానికి పోయేదేమీ ఉండదు. స్వరపేటిక పెరుగుతుంది, లోపలి స్వరతంత్రులు పొడవై మందమవుతాయి, పిల్లవాడి శ్రుతి దాదాపు ఒక స్థాయి, అంటే 'స' నుంచి కింది 'స' దాకా, దిగుతుంది. కొత్త ఇంట్లో దీపం స్విచ్చు ఎక్కడుందో చీకట్లో తడుముకుంటున్నట్టు ఆ కుర్రవాడు తన గొంతులోనే స్వరాలు వెతుక్కుంటున్నాడు. మాస్టారు అతన్ని తరగతికి దూరం పెట్టలేదు. పాడగలిగిన నాలుగైదు స్వరాలే పాడించారు. మిగతా సమయమంతా తాళం వేయించారు, రాగం విని పేరు చెప్పమన్నారు, సాహిత్యం చదివించారు. గొంతు కుదురుకునే నాటికి విద్య వెనకబడి ఉండకూడదు, అంతే. మన ఊళ్లలో ఎందరు గాయకులను ఈ రెండేళ్ల ఓపిక లేక పోగొట్టుకున్నామో!

ఇంటి వైద్యాల మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదు. మిరియాల పాలు, తేనె హాయినిస్తాయే గానీ మింగినది అన్నవాహికలోకి పోతుందని, స్వరతంత్రులకు తగలదని చెబుతారు. నీళ్లు తాగడం, నిద్ర, అరవకపోవడం, మాటిమాటికీ గొంతు సవరించుకోకపోవడం, ఇవే ఆయన చెప్పే మందులు.

ఒక మధ్యాహ్నం ఖాళీ దొరికితే సాలూరు వెళ్లివచ్చాను. గజపతినగరం, రామభద్రపురం మీదుగా దారి. ఒడిశా కొండలు దగ్గరపడుతుంటే రోడ్డు పొడవునా లారీలే. చిన్న గురువుగారి ఊరిలో కాసేపు తిరిగి, టీ తాగి, చీకటి పడేలోపు తిరిగి వచ్చాను.

ఆ సంగతి చెప్పగానే మాస్టారు ఘంటసాల ప్రస్తావన తెచ్చారు. ఆయన గొంతు కావాలని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారట. "ఆ గొంతు ఆయనది. గురువు పని శిష్యుడికి తన గొంతు ఇవ్వడం కాదమ్మా, శిష్యుడి గొంతు శిష్యుడికి అప్పగించడం" అన్నారు. నేను ఈ మాటకు పూర్తిగా తలవంచుతాను. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో సగం మంది ఎవరో ఒక సినిమా గాయని గొంతును ముక్కులోంచి తెచ్చిపెట్టుకుంటారు. ముందు దాన్ని వదిలించడానికే నెలలు పడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మాస్టారితో ఏకీభవించలేకపోయాను. అయిదేళ్ల సాధన పూర్తయ్యేదాకా మైకు ముట్టకూడదంటారాయన. మైకులు లేని కాలంలో హరికథ చెప్పేవాళ్లు, నాటకాల్లో పద్యాలు పాడేవాళ్లు చివరి వరుసకూ వినిపించాలని గొంతు చించుకోవలసి వచ్చేది. మెల్లగా, మాటలా పాడే వీలు మనకు మైకే ఇచ్చింది. దాన్ని గొంతుకు సాయంగా వాడడం ముందునుంచే నేర్పితే, పిల్లలు అరవవలసిన అవసరమే ఉండదని నా అభిప్రాయం. చివరి రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని దీని మీద చాలాసేపు వాదించుకున్నాం. మైకు చేతికిస్తే మంద్రంలో బలం తెచ్చుకునే ఓపిక పిల్లలకు ఉండదని ఆయన భయం. అందులోనూ నిజం ఉంది.

వేసవి సెలవుల్లో నా విద్యార్థులను కొందరిని తీసుకువస్తానని, ఒక మైకు కూడా తెస్తానని చెప్పాను.

"తీసుకురండమ్మా. ముందు మైకు లేకుండా విందాం, తర్వాత మైకుతో విందాం. మీ మాట నిజమైతే నా పాఠం మార్చుకుంటాను" అన్నారు మాస్టారు.