పోగేసిన డేటా ఎవరి చేతికైనా చిక్కుతుంది

2013 జూన్‌లో, అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి కాంట్రాక్టు మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన రహస్య నిఘా పత్రాలు పేపర్లకెక్కగానే అమెరికా ప్రభుత్వం మొదట చెప్పిన మాట, మీ ఫోన్లు ఎవరూ వినట్లేదు అని. అక్కడి టెలికాం సంస్థ వెరిజాన్ గ్రూపులోని ఒక కంపెనీకి రహస్య కోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూస్తే నిజంగానే అందులో మాటల రికార్డులు అడగలేదు. ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కి, ఎన్ని గంటలకి, ఎంతసేపు, అంతే. కాకపోతే ఫలానా అనుమానితుడివి అని కాదు, కాల్స్ అన్నిటివీ, రోజూ. దీన్నే మెటాడేటా అంటారు, నంబర్లే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

నేను తీసుకోలేను. ఒక మనిషి పొద్దున ఒక ల్యాబ్‌కి ఫోన్ చేసింది, పావుగంటకి క్యాన్సర్ డాక్టర్ క్లినిక్‌కి, మధ్యాహ్నం ఇన్సూరెన్స్ ఆఫీసుకి, రాత్రి పదకొండు దాటాక అమ్మతో గంటన్నర మాట్లాడింది. ఒక్క మాట వినక్కర్లేదు, ఆమె ఇంట్లోవాళ్లకి ఇంకా చెప్పని సంగతి కూడా ఆ నాలుగు లైన్లు చెప్పేస్తాయి. ఇలాంటివి ఏళ్ల తరబడి పోగుపడితే ఎవరు ఏ జర్నలిస్టుతో మాట్లాడారు, ఏ లాయర్ దగ్గరికెళ్లారు, ఏ యూనియన్ మీటింగ్ ముందు ఎవరెవరు కలిశారు అన్నీ తెలిసిపోతాయి.

నేరస్తుల్ని పట్టుకోవాలి, ఎవరూ కాదనరు. ఒక మనిషి మీద అనుమానానికి కారణం చూపించి, జడ్జి సంతకం తీసుకుని అతని ఫోన్ మీద నిఘా పెడితే నాకు పేచీ లేదు. నా భయమంతా అందరివీ ముందే పోగేసి పెట్టడం గురించి, పోలీసుల కోసమని సిస్టమ్‌లోనే ఒక దారి ఉంచడం గురించి. మంచివాళ్లు రావడానికని గోడకి కన్నం పెడితే దొంగ కూడా అందులోంచే వస్తాడు. ఇది ఊహ కాదు, జరిగింది. గ్రీస్‌లో 2004, 2005ల్లో వోడాఫోన్ ఎక్స్ఛేంజిల్లో, చట్టబద్ధంగా ఫోన్లు వినడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్‌నే ఎవరో రహస్యంగా వాడుకుని, దేశ ప్రధానితో సహా సుమారు వంద మంది ఫోన్లు నెలల తరబడి విన్నారు. 2024లో అమెరికాలో మళ్లీ అదే కథ, చైనాతో సంబంధం ఉందంటున్న సాల్ట్ టైఫూన్ హ్యాకర్లు పెద్ద టెలికాం కంపెనీల్లో దూరి, కోర్టు ఉత్తర్వుల మీద ఫోన్లు వినే వ్యవస్థల దాకా వెళ్లారు. ఆ తర్వాత అక్కడి అధికారులే జనానికి ఎన్‌క్రిప్టెడ్ యాప్‌లు, అంటే మెసేజ్‌ని మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మార్చి పంపేవి, వాడమని చెప్పాల్సి వచ్చింది.

అందుకే నేను ఏ యాప్ గురించైనా ముందు చూసేది, అది నా గురించి ఏం దాచుకుంటోంది అన్నది. 2016లో అమెరికాలోని వర్జీనియాలో ఒక గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో వద్దో తేల్చే పౌరుల బృందం) సిగ్నల్ అనే ఎన్‌క్రిప్టెడ్ మెసేజింగ్ యాప్ వాళ్లని రెండు నంబర్ల వివరాలు అడిగింది. ఒక నంబర్‌కి అసలు అకౌంటే లేదు. రెండో దాని మీద ఇవ్వగలిగింది అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్న రెండు ముక్కలే. కంపెనీ మొండికేయలేదు, ధిక్కరించలేదు, ఉన్నది ఇచ్చేసింది. అంతకుమించి తన దగ్గర లేదు.

వాట్సాప్ వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మెసేజ్ వెళ్లేటప్పుడు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, కానీ అదే చాట్ క్లౌడ్‌లోకి బ్యాకప్ అయినప్పుడు ఆ రక్షణ ఉండాలంటే మనం విడిగా ఆన్ చేయాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, కింద ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అని ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టుకుంటే మర్చిపోకండి, మర్చిపోతే ఆ బ్యాకప్‌ని కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు. అవతలివాళ్లు ఆన్ చేయకపోతే మీ మాటలు వాళ్ల బ్యాకప్‌లో మామూలుగానే ఉంటాయి కాబట్టి వాళ్లకీ చెప్పండి. పెగాసస్ లాంటి స్పైవేర్, అంటే ఫోన్‌లో దాక్కుని నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్, నేరుగా ఫోన్‌లోకే దిగితే మాత్రం ఇవేవీ ఆపలేవు. ఫోన్ అప్‌డేట్లు వాయిదా వేయకపోవడం అక్కడ కొంత పనికొస్తుంది.

సెట్టింగ్స్‌తో అయ్యే పని అంతవరకే, మిగతాది చట్టంలో తేలాలి. యూరప్‌లో టెలికాం కంపెనీలు అందరి కాల్ వివరాలూ ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా దాచాలని ఒక చట్టం ఉండేది, 2014 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఏ నేరంతోనూ సంబంధం లేనివాళ్ల వివరాలు కూడా దాచడం కోర్టు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. ఏ ప్రభుత్వమైనా కొత్త డేటాబేస్ అన్నప్పుడు మనం అడగాల్సింది ఆ లెక్కలే: ఎవరివి తీసుకుంటారు, ఎన్ని రోజులు ఉంచుతారు, తెరవాలంటే ఎవరు సంతకం పెట్టాలి, తెరిచిన సంగతి ఆ మనిషికి ఎప్పటికైనా చెప్తారా.