అలమర అడుగున సున్నా నంబరు జెర్సీ
2023 జూలై 1న మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాడు డేమియన్ లిల్లార్డ్ తనను వేరే జట్టుకు ట్రేడ్ చేయమని అడిగాడని తెలిసిన రోజు మా పోర్ట్‌లాండ్ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పదకొండు సీజన్లు ఇక్కడే ఆడినవాడు. ఏడాది క్రితమే ఒప్పందాన్ని 2027 వరకు పొడిగించుకున్నవాడు! మా అబ్బాయి అతడి సున్నా నంబరు జెర్సీని మడత కూడా పెట్టకుండా అలమర అడుగున కుక్కేశాడు. నాకూ ఉక్రోషమే. కానీ జట్టు ఎవరినైనా పంపించేయాలనుకుంటే ఆ ఆటగాడి అనుమతి చాలావరకు అవసరమే ఉండదు. మరి అతడు అడిగితే మాత్రం ద్రోహమా? తీరా అతడు కోరింది మయామీ, పంపింది మిల్వాకీకి.

2025లో మిల్వాకీ వదులుకుంది, జూలైలో మళ్లీ పోర్ట్‌లాండ్‌తోనే సంతకం. ఆ రాత్రి జెర్సీ బయటికి తీశాం. మావాడికి భుజాల దగ్గర పట్టలేదు.