ఆ చలికాలపు గ్యాస్ బిల్లు

పాత కాగితాలు సర్దుతుంటే, 2022 శీతాకాలంలో బెర్లిన్‌లోని మా అద్దె ఇంటికి వచ్చిన గ్యాస్ బిల్లు కంటబడింది. ఆ సెప్టెంబరు నుంచి ప్రభుత్వ కార్యాలయాల్లో వేడిని 19 డిగ్రీలకు పరిమితం చేశారు. మేమూ హీటర్ తగ్గించుకుని, అట్లు పోసిన పెనం చల్లారేదాకా వంటింట్లోనే కూర్చునేవాళ్లం. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు తన గ్యాస్ దిగుమతుల్లో సగానికి పైగా రష్యా నుంచే తెచ్చుకున్న జర్మనీ, ఒకపక్క రష్యా బ్యాంకులపై ఆంక్షలకు మద్దతిస్తూనే మరోపక్క ఆ గ్యాస్‌కు డబ్బు చెల్లిస్తూ వచ్చింది. చివరకు ఆగస్టు నెలాఖరున సముద్రం అడుగున జర్మనీకి గ్యాస్ తెచ్చే నార్డ్ స్ట్రీమ్ గొట్టపుమార్గం సరఫరాను ఆపేసింది మాత్రం రష్యాయే. ఆంక్షలంటే ఎదుటివాడికి మాత్రమే పడే శిక్ష అని అంతవరకూ నమ్మాను, నా అమాయకత్వం కాకపోతే! డిసెంబరులో విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులో, రష్యా గ్యాస్‌కు బదులుగా ఓడల్లో తెప్పించే ద్రవీకృత గ్యాస్‌ను దించుకునే టెర్మినల్ ప్రారంభమైందని వార్తల్లో విన్న రాత్రి కూడా మా పాప రెండు స్వెటర్లు తొడుక్కునే పడుకుంది.