మా తెల్లపెట్ట మళ్లీ గింజ పొడిచింది

నాలుగు రోజుల క్రితం మా తెల్లపెట్ట గింజల దగ్గరికి నడవబోయి పక్కకు ఒరిగిపోయింది. మెడ వెనక్కి విరుచుకుని ఆకాశంకేసి చూస్తూ తూలుతుంటే నా గుండె జారిపోయింది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపితే, కోళ్లకు వైరస్ వల్ల వచ్చే మారెక్స్ వ్యాధేమోనని భయపడాలి. దానికి మందు లేదు, పిల్లగా ఉన్నప్పుడే టీకా వేయించాలి. కానీ మా పెట్ట కాళ్లలో పట్టు ఉంది. పశువైద్యుడు చూసి థయమిన్, అంటే బి1 విటమిన్ లోపమన్నారు. ఎక్కువకాలం నిల్వ ఉన్న దాణా పెట్టాను, తప్పు నాదే.

బి1 ఇస్తూ, తువ్వాలు చుట్టి ఒడిలో కూర్చోబెట్టుకుని, ముక్కు అంచున చుక్క చుక్కగా నీళ్లు పెట్టాను. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ ఉదయం మెడ నిలిపి, తనంతట తానే గింజ పొడిచింది! ఇంకా కాస్త తూలుతోంది. మిగతా కోళ్లు పొడవకుండా విడిగానే ఉంచాను.