‘పనేముంటాది పాపా’: అనంతపురం పల్లెల్లో సర్వే చేసిన నలభై రోజులు

పోయిన ఏడాది ఎండాకాలం నలభై రోజులు కళ్యాణదుర్గం దిక్కు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసినాను. ఎస్.కె. యూనివర్సిటీలో ఎం.ఏ. అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు దొరికిన పని అది. జనం రోజంతా ఏం చేస్తారు, కొన్ని విషయాల మీద ఏమనుకుంటారు అని అడిగి రాసుకోవడమే. ఇట్లాంటి పనికి కొత్తగా చేరే పిల్లలు నన్ను అడుగుతుంటారు కాబట్టి, నాకు ఎదురైంది ఎదురైనట్టు రాస్తున్నాను.

ముందు ఐదు రోజులు అనంతపురంలో శిక్షణ ఇచ్చినారు. మా ఫారం 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన టైమ్ యూజ్ సర్వే పద్ధతిలోనే ఉండింది. నిన్న తెల్లవారుజాము 4 గంటల నుంచి ఈరోజు తెల్లవారుజాము 4 గంటల వరకు అరగంటకొక గడి, మొత్తం 48 గళ్ళు. ఒక్కో గడిలో మూడు పనుల దాకా రాయొచ్చు, అయితే ప్రతిదీ కనీసం పది నిమిషాలు చేసినదై ఉండాలి. శిక్షణలో చూస్తే ఇంతేనా అనిపించింది.

ఊర్లో అడుగుపెట్టినాక తెలిసింది. చేతిలో ట్యాబ్, మెడలో కార్డు చూడగానే మొదటి ప్రశ్న మాకే. ‘ఏ పార్టీ తరఫున వచ్చినావు పాపా?’ కాదంటే రెండోది, ‘రేషన్ కార్డు తీసేస్తారా ఏం?’ ఆ భయం ఊరికే రాలేదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందని, ఇంట్లో ఎవరి పేరునో కారు ఉందని పథకాల నుంచి పేర్లు పోయినవి వాళ్ళు కళ్ళారా చూసినారు. అందుకే ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడిగితే, లోపల దాని మోత వినిపిస్తున్నా లేదనేవాళ్ళు. నేను వాదించలేదు. మీ పేరు ఎవరికీ పోదు, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోయినా ఏం కాదు అని నిదానంగా చెప్పి, నీళ్ళు అడిగి తాగి, ఆ ప్రశ్న చివరికి పెట్టుకునేదాన్ని. అప్పటికి చాలామంది వాళ్ళంతట వాళ్ళే దిద్దేవాళ్ళు.

అంతకుముందే ఊరంతా తిరిగి సుద్దముక్కతో తలుపు చట్రం మీద ప్రతి ఇంటికీ నంబరు వేసుకున్నాము. ఆ జాబితాలోంచి ఏ ఇళ్ళలో అడగాలో ట్యాబ్ ఎంచి చెబుతుంది. కాలనీ చివరి ఇంటికి పోయేటప్పుడు ఒక అవ్వ ఆపి, ‘ఊర్లో ఇంతమంది ఉండగా నలుగురిని అడిగితే ఏం తెలుస్తాది? ఆ పెద్ద వీధిలోనే అడుక్కోని పోరాదా ఎండలో’ అనింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది కదవ్వా అన్నాను. ‘అన్నానికైతే సరే. సంగటికో? తెడ్డుతో బాగా గెలకకపోతే పైనంతా మెత్తగా ఉంటాది, అడుగున పిండి ఉండలు పచ్చిగా ఉంటాయి’ అని ఆమే చెప్పింది. శిక్షణలో ఐదు రోజులు చెప్పింది ఆ ఒక్క మాటలో ఉంది. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి, అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన భారీగా గెలిచినాడు. ఆ పత్రిక ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాలు పట్టుకుని అడిగింది. అంటే పెద్ద వీధిలోనే అడిగిందన్నమాట. అవ్వకు దండం పెట్టి కాలనీ చివరికే పోయినాను.

మొదటి రోజు పదకొండు ఫారాలు నింపినాను. నిన్నంతా ఏం చేసినావు అక్కా అంటే, ఆడవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట: ‘పనేముంటాది పాపా, ఊరికే ఇంట్లోనే ఉంటా.’ నేనూ వంట, ఇల్లు, టీవీ, నిద్ర అని గళ్ళన్నీ గుంపుగా నింపి లేచి వచ్చినాను. రాత్రి సూపర్‌వైజర్ సారు ఫోన్ చేసి పదకొండూ వెనక్కి పంపినానన్నాడు. ఒక్కో ఇంటర్వ్యూ ఎంతసేపు పట్టిందో ట్యాబ్ లెక్కపెడుతుంది. 12 నిమిషాల్లో ఒక మనిషి రోజంతా ఎట్లా రాస్తావు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మాతో ఈ సర్వే చేయించిన సంస్థ మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. మాకు జీతం లేదు, ఫారానికి ఇంత అని లెక్క. వెనక్కి వచ్చినదానికి రూపాయి రాదు, బస్సు ఛార్జీలు మనవే. గంటసేపు కూర్చుంటేగానీ కుదరని పనికి ఫారం లెక్కన డబ్బులిస్తే తొందరపడక ఏం చేస్తారు? మా జట్టులో ఒకతను మూడు ఇళ్ళవి వేపచెట్టు కింద కూర్చుని నింపినాడు, తిరిగి తనిఖీకి పోయినప్పుడు దొరికిపోయినాడు. అతణ్ణి తీసేసినారు, లెక్క మాత్రం మార్చలేదు.

మరుసటి రోజు మొదటి ఇంటికే మళ్ళీ పోయినాను. ఆ అక్క అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు వొలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ఈసారి గంటలు అడగలేదు. ‘నిన్న నువ్వు లేసేసరికి తొలి బస్సు వచ్చిందా అక్కా?’ అన్నాను.

‘యాడ పాపా, దానికి ముందే. పాల బండి వచ్చే లోపల ఎనుమును పిండల్ల గదా. అంతకుముందు కొట్టంలో పేడ ఎత్తల్ల.’

అక్కడి నుంచి రోజు ఒక్కో పోగూ విడిపోవడం మొదలైంది. కసువు కొట్టి, కల్లాపి చల్లి ముగ్గేసింది. నిన్న కొళాయి నీళ్ళు వచ్చే రోజు, తొమ్మిది బిందెలు మోసింది. సంగటి గెలుకుతానే పిల్లోడికి నీళ్ళు పోసింది. బడికి సెలవులు కాబట్టి వాడు రోజంతా కాళ్ళకడ్డమే. అత్తకు మోకాళ్ళ నొప్పులు, ఆమెకు పొద్దున, మాపటికి నూనె రాయాలి. తిన్న గిన్నెలు కడిగే లోపల ఎనుముకు కుడితి. తను తిన్నది ఎప్పుడు అంటే ఆలోచించుకుని, ‘నిలబడే తినేసినానేమో’ అనింది. ఆ అరగంటలో తిండి పది నిమిషాలు కూడా లేదు, గడిలో రాయడానికి కుదరలేదు.

మధ్యాహ్నం టీవీ చూసినావా అంటే, ‘చూస్తానే ఇయ్యి వొలుస్తాంటి’ అని చేట చూపించింది.

‘మీ చేనుకు విత్తనాలేనా?’

‘మాయి కాదు. కూలికి. మూటకింత అని ఇస్తారు. ఎండాకాలమంతా వొలుస్తాము.’

నిన్న ఆమె వృత్తి దగ్గర ‘ఇంటి పని’ అని రాసినాను. ఆమె చెప్పిందే రాసినాను. గళ్ళు లెక్కపెడితే కూలికి కాయలు వొలిచింది నాలుగు గంటలు. కుడి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది, గోరు పక్కన తోలు పగిలి రాయిలా గట్టిపడింది. అంతసేపు పక్కన కూర్చుని నిన్న దాన్ని నేను చూడనేలేదు. పాలదీ ఇట్లాంటి తిరకాసే. బండికి పోసే పాలకు పట్టిన సమయం సంపాదన కింద వస్తుంది, ఇంట్లోకి ఉంచుకున్న పాలకు పట్టింది ‘సొంత వాడకానికి చేసుకున్నది’ కింద. నీళ్ళు మోయడం కూడా ఆ రెండోదాంట్లోనే, వంటతో కలవదు.

ఆమె భర్త గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు. మొదట ‘యాడ పాపా, టీవీ ముందరే కదా ఉంటాది’ అన్నాయన, నేను గళ్ళు పైకి చదువుతుంటే మాట్లాడలేదు. చివర్లో వచ్చి కూర్చుని ‘నాది కూడా రాయి’ అన్నాడు. చేన్లో పని లేని కాలం. రచ్చకట్ట దగ్గర రెండున్నర గంటలు ఉన్నానని ఆయనే చెప్పినాడు, దాచలేదు. ఆ ఇంట్లో నాకు గంటా పావు పట్టింది.

2019 సర్వేలో దేశమంతటా 1,38,799 ఇళ్ళలో అడిగినారు. జీతం రాని ఇంటి పనులు చేసిన ఆడవాళ్ళకు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు పట్టినాయి, చేసిన మగవాళ్ళకు 97. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టిన మగవాళ్ళే 26.1 శాతం. 2024లో మళ్ళీ అడిగితే 289, 88 అని తేలింది. ఈ అంకెలు శిక్షణలో తెర మీద చూసి నోట్సులో రాసుకున్నాను. వాటి వెనక పాల బండి, తొలి బస్సు గుర్తులతో ఎవరో ఒకరు అరుగుల మీద కూర్చుని అడిగి ఉంటారని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా ముందు ఆ ఊరి గుర్తులే రాసుకునేదాన్ని. బస్సు వేళలు, నమాజు, పాల బండి, నీళ్ళు వదిలే వేళ, సీరియల్.

అన్నిటికన్నా కష్టమైంది చివరి భాగం. మొగుడు పెళ్ళాన్ని కొట్టడం న్యాయమేనా అని ఏడు కారణాలు చెప్పి అడగాలి. చెప్పకుండా బయటికి పోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగ్గా చెయ్యకపోతే, అత్తమామలను గౌరవించకపోతే... జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగేవి కూడా ఇవే. 2019-21లో చేసిన ఐదో విడతలో మన ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 84 శాతం వీటిలో కనీసం ఒకదానికి న్యాయమే అన్నారు. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు మింగుడుపడలేదు.

ఒక ఇంట్లో కోడలిని అడుగుతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. కోడలు నన్ను చూడలేదు, అత్తను చూసి ‘ఔను’ అనింది. రెండోదానికీ ఔను. మూడోదానికీ. ఇంటర్వ్యూ ఆపేసి, ఫోన్ వచ్చినట్టు లేచి వచ్చేసినాను. ఒంటరిగా లేకపోతే ఆ భాగం అడగకూడదని మాకు గట్టిగా చెప్పినారు. మరునాడు పొద్దున అత్త ఉపాధి పనికి పోయిన వేళ చూసుకుని పోయి మొదటి నుంచి అడిగినాను. ఆరింటికి ‘ఎందుకు కొట్టల్ల? కాదు’ అనింది. అత్తమామల దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆగి ‘అదైతే న్యాయమే’ అనింది. ఇంట్లో ఎవరూ లేరు. అది భయంతో చెప్పిన మాటని నేను అనుకోలేను, ఆమె నమ్మే చెప్పింది. 84 శాతంలో ఆమె కూడా ఒకరు. ఏడింటికీ ఔనన్నవాళ్ళూ, ఒక్కదానికి ఆగి ఆగి ఔనన్నవాళ్ళూ ఆ లెక్కలో ఒకటే. అందుకే ఇట్లాంటి అంకె కనబడితే ఇప్పుడు నేను ప్రశ్న ఎట్లా అడిగినారు, పక్కన ఎవరున్నారు అని వెతుకుతాను. అట్లని దాన్ని కొట్టిపారేయను. ఆ ఆగిన ఔను నాకు ఇంకా బాధగానే ఉంది.

ఆఖరి ఊర్లో 37వ నంబరు ఇల్లు మిగిలిపోయింది. మూడుసార్లు పోవాలి, వేరు వేరు వేళల్లో. మూడుసార్లూ తాళమే. ‘బెంగళూరుకు పోయినారు పాపా, ఇల్లు కట్టే పనికి. మొగుడు, పెళ్ళాం, పిల్లలు అందరూ. ఉగాదికి వచ్చి పోయినారు, ఇంక దసరాకేమో’ అని పక్కింటామె చెప్పింది. బెంగళూరులో యాడుంటారు అంటే, కట్టే ఇంటి దగ్గరే రేకుల షెడ్డులో అనింది. తాళం వేసిన ఇంటికి ఒక కోడ్ ఉంటుంది, అది నొక్కితే ఆ ఫారం మూసుకుపోతుంది. నొక్కి, నంబరు తుడిచేద్దామని చెయ్యి పెట్టినాను. సుద్ద కొయ్యలోకి ఇంకిపోయి పూర్తిగా పోలేదు.