బీజింగ్ తోరణం మోడల్: స్తంభాలు నిలిచాయి, కప్పు సగమైంది

ఈసారి చేస్తున్నది బీజింగ్ జోంగ్‌షాన్ పార్కులోని తోరణం. పండగలకు, స్మారకాలకు ఇలాంటివి నిలబెట్టడం చైనాలో పాత ఆనవాయితీ. పైలౌ అంటారు. ఆర్చిలా వంపు ఉండదు. వరంగల్ కాకతీయ తోరణంలాగే నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు. పైన మాత్రం పెంకుల కప్పులుంటాయి.

దీన్నే ఎంచుకోవడానికి కారణం దాని పేరుపలక. 1900 జూన్ 20న, చైనాలో విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటు రోజుల్లో, జర్మనీ రాయబారి క్లెమెన్స్ ఫాన్ కెటెలర్‌ను బీజింగ్ వీధిలో కాల్చి చంపారు. మరుసటి ఏడు విదేశీ శక్తులు చైనా మీద రుద్దిన ఒప్పందంలో మొదటి అంశమే ఇది: హత్య జరిగిన చోట స్మారకం కట్టాలి, చక్రవర్తి విచారాన్ని లాటిన్, జర్మన్, చైనీస్ భాషల్లో చెక్కించాలి. 1903కల్లా కట్టేశారు. 1918లో జర్మనీ ఓడిపోగానే జనం దాని మీద పడ్డారు. ఆ రాళ్లనే 1919లో పార్కుకు తరలించి ‘న్యాయం గెలిచింది’ అని అర్థం వచ్చే రాత పెట్టారు. 1952లో ఆసియా, పసిఫిక్ దేశాల శాంతి సభ సందర్భంగా అదీ పోయింది. చైనా కవి గువో మోరువో చేతిరాతలో ‘శాంతిని కాపాడదాం’ వచ్చింది. అందుకే నా మోడల్లో పలక ఊడొచ్చేలా పెడుతున్నాను. ఒకే పలక అతికించేస్తే అది ఉత్త షోకేస్ బొమ్మ.

అసలు కొలతలు చేతిలో లేవు, ఫొటోల్లోని నిష్పత్తితోనే పోతున్నాను. వెడల్పు 38 సెం.మీ., ఎత్తు 30. నాలుగు స్తంభాలు, మూడు ద్వారాలు, మధ్యది పెద్దది. స్తంభాలకు 12 మి.మీ. చదరపు టేకు బీడింగ్. ఇలాంటి కట్టడానికి పొడవే తప్ప మందం ఉండదు, తాకితే ముందుకో వెనక్కో ఒరుగుతుంది. కాబట్టి ఉత్త ఫెవికాల్‌ను నమ్మకుండా, 12 మి.మీ. ప్లైవుడ్ పీఠం కింది నుంచి ఒక్కో స్తంభంలోకి స్క్రూ బిగించాను. బీజింగ్‌లోని పాత చెక్క తోరణాలకు కూడా స్తంభాల మొదట్లో రాతి దిమ్మెలు బిగించి, ముందూ వెనకా ఏటవాలు ఊతకర్రలు పెట్టేవారు.

రాతి రంగు కోసం వాల్ పుట్టీని పల్చగా రెండు పూతలు వేసి, 220 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్దాను. తెల్ల పెయింట్ ఒక్కటే వేస్తే ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. పుట్టీ మీద టీ డికాక్షన్ నీళ్లు గుడ్డతో అద్దితే పాతబడ్డ చలువరాయి రంగు వస్తుంది.

ఎక్కువ సమయం తింటున్నది కప్పు. అట్టను తడిపి, సీసా మీద వంచి రబ్బర్ బ్యాండ్లు వేసి రాత్రంతా ఆరబెడితే చూరు దగ్గర ఆ పైకి లేచే ఒంపు నిలుస్తుంది. పెంకుల వరసలకు కొబ్బరి ఈనెలు వాడుతున్నాను. మొదలు లావు, చివర సన్నం కాబట్టి లావు భాగం మాత్రమే కోసి, 4 మి.మీ. ఎడంతో అతికించాలి. ఈ పనికి మోడల్ షాపుల్లో దొరికే ఖరీదైన ప్లాస్టిక్ కడ్డీల కంటే ఇవే నయం. అసలుదాని పెంకులు నీలి మెరుగువి. ప్రష్యన్ బ్లూలో చుక్క ఆకుపచ్చ కలిపి, ఆరాక మెరిసే (గ్లాసీ) వార్నిష్ వేస్తే ఆ మెరుపు వస్తోంది. మధ్య కప్పు, ఎడమది అయ్యాయి. కుడిది ఇంకా సీసా మీదే ఉంది.

పలక గూడులో 6 మి.మీ. అయస్కాంతాలు నాలుగు, పలక వెనక నాలుగు. అతికించే ముందే ఏ ముఖం దేన్ని లాగుతోందో చూసి మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి. మూడు పలకల్లో 1919ది, 1952ది సిద్ధం. మొదటిదే టెన్షన్. మూడు భాషల రాత ఈ సైజులో చేత్తో సాధ్యం కాదు. సన్న కాగితం మీద ప్రింట్ తీసి పుట్టీ మీద అతికిద్దామని చూస్తున్నాను.

ఇది పూర్తయ్యాక తాత్కాలిక తోరణం ఒకటి చేయాలి. 1713లో కాంగ్షీ చక్రవర్తి అరవయ్యో పుట్టినరోజుకు బీజింగ్ దారుల్లో రంగు గుడ్డలతో అలంకరించి నిలబెట్టినవాటి లాంటిది. రంగు గుడ్డలకు జాకెట్ ముక్కలు ఇప్పటికే పక్కన పెట్టాను.